ఎమ్మారైలో లేబ్రమ్ చిరిగిందని వచ్చింది, ఆపరేషన్ తప్పదా?

మీరు మూడు విషయాలు అడిగారు: తుంటి కీలులో లేబ్రమ్ అనే పట్టీ చిరిగితే దానంతట అదే అతుక్కుంటుందా, డాక్టర్ చెప్పినట్టు ఆపరేషన్ తప్పదా, మళ్లీ పరుగెత్తగలనా అని. ఇలాంటి రిపోర్టే చేతిలో పట్టుకుని తిరిగి, చివరికి కీహోల్ సర్జరీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) దాకా వెళ్లినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. డాక్టర్‌ని మాత్రం కాదు.

ముందు ఆ రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. తుంటి నొప్పి అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఎమ్మారై తీసి చూసిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. సగటు వయసు 38 లోపే ఉన్న వాళ్లలో కూడా 69 శాతం కీళ్లలో లేబ్రమ్ చిరుగులు కనిపించాయి. కాబట్టి చిరుగు ఉండటం వేరు, మీ నొప్పి దానివల్లే రావడం వేరు. నడుము నుంచి పాకే నొప్పి, తుంటి ముందువైపు కండరాలు పట్టేయడం, హెర్నియా, ఇవన్నీ గజ్జల్లోనే బాధపెడతాయి.

లేబ్రమ్ అంటే తొడ ఎముక బంతి కూర్చునే గుంట అంచు చుట్టూ ఉండే మృదులాస్థి పట్టీ. కుక్కర్ మూతకు గాస్కెట్ ఎలాగో కీలుకు ఇది అలాగ, లోపలి ద్రవాన్ని బయటికి పోనివ్వదు. దీని బయటి అంచుకే కాస్త రక్తం అందుతుంది, లోపలి భాగానికి దాదాపు అందదు. అందుకే పెద్దవాళ్లలో చిరుగు దానంతట అది అతుక్కుంటుందని ఆశ పెట్టుకోలేం. కానీ చిరుగు అలాగే ఉన్నా నొప్పి తగ్గిపోవచ్చు. చాలామందికి తగ్గుతుంది కూడా.

నాకు నడుస్తుంటే పెద్దగా తెలిసేది కాదు. కారు దిగేటప్పుడు, వంగి బూటు లేసు కట్టుకునేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు గజ్జ లోపల చురుక్కుమనేది. ఒక్కోసారి లోపల ఏదో ఇరుక్కుని టక్కున వదిలినట్టుండేది. ఎక్కడ నొప్పి అని అడిగితే బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు ముందుకి పెట్టి తుంటిని పక్కనుంచి పట్టుకుని చూపించాను. డాక్టర్ నవ్వి, కీలు లోపల నొప్పి ఉన్నవాళ్లు చాలామంది ఇలాగే చూపిస్తారన్నారు. తర్వాత నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు ఛాతీ వైపు మడిచి, లోపలికి తోసి తిప్పారు. నొప్పికి ప్రాణం పోయినంత పనైంది. అయితే ఆ పరీక్షలో నొప్పి వచ్చినంత మాత్రాన లేబ్రమే అని తేలదు. రాకపోతే మాత్రం అది కాకపోవచ్చని గట్టిగానే అనుకోవచ్చు.

నా విషయంలో అనుమానం తీర్చింది ఇంజెక్షన్. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కీలు లోపలికే మత్తుమందు ఇస్తారు. అది పనిచేసే కొన్ని గంటల్లో నొప్పి మాయమైతే మూలం కీలులోనే ఉన్నట్టు. ఇక్కడ చాలామంది ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికెళ్లి పడుకుంటారు, దాంతో ఏమీ తెలియదు. డాక్టర్ సరేనంటే, నొప్పి తెప్పించే పనులే అప్పుడు చేసి చూడాలి. నేను అక్కడే మెట్లెక్కి దిగాను, ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చుని లేచాను. తేడా స్పష్టంగా తెలిసింది.

అసలు లేబ్రమ్ ఎందుకు చిరిగిందో అడిగారా? చాలాసార్లు ఎముక ఆకారమే కారణం. తొడ ఎముక మెడ దగ్గర బుడిపె ఉన్నా, గుంట అంచు ముందుకు పొడుచుకొచ్చినా, కాలు మడిచినప్పుడల్లా లేబ్రమ్ మధ్యలో నలుగుతుంది. స్విట్జర్లాండ్‌లో గాంజ్ అనే సర్జన్ బృందం 2003లో ఈ విషయాన్ని వివరంగా రాసింది. నాది బుడిపె రకం. దాన్ని చెక్కకుండా చిరుగు ఒక్కటే కుడితే, నలిపే ఎముక అక్కడే ఉంటుంది. ఇక గుంట మరీ లోతు తక్కువైతే అది వేరే సమస్య, కీహోల్ సర్జరీ ఒక్కటే చేస్తే ఇంకా చెడిపోవచ్చు. అందుకే ఎమ్మారై ఉన్నా సరే, కటి (పెల్విస్) ఎక్స్‌రే చూడకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. కీలు ఇప్పటికే బాగా అరిగి, ఎముకల మధ్య సందు 2 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఈ సర్జరీ వల్ల లాభం తక్కువ.

మీ కేసులో నేనైతే ముందు మూడు నెలలు గట్టిగా ఫిజియో చేయమంటాను. పిరుదుల కండరాలు, పొట్ట కండరాలు బలపడాలి. గజ్జ పట్టేసినట్టుంది కదా అని మోకాలు ఛాతీకి లాగి సాగదీయకండి, అక్కడ నలిగేదాన్ని ఇంకా నలిపినట్టవుతుంది. కూర్చున్నప్పుడు మోకాళ్ల కన్నా తుంటి కాస్త ఎత్తులో ఉండాలి. బ్రిటన్‌లో 348 మందిలో సర్జరీని, ఫిజియోని పోల్చి చూసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ఏడాది తర్వాత రెండు గుంపులూ మెరుగయ్యాయి. తుంటి ఎంత బాగుందో వందకు వేసే మార్కుల్లో సర్జరీ వాళ్లు దాదాపు 7 ఎక్కువ తెచ్చుకున్నారు. తేడా నిజమే, కానీ ఆకాశమంత కాదు. నాకు ఫిజియోతో నొప్పి సగం తగ్గి అక్కడే ఆగిపోయింది కాబట్టి సర్జరీకి వెళ్లాను.

సర్జరీలో కీలు సందు తెరవడానికి కాలిని గట్టిగా లాగి ఉంచుతారు. అందువల్ల తర్వాత పాదం మీదో, తొడ మీదో, మర్మావయవాల దగ్గరో తిమ్మిరి ఉండొచ్చు. సాధారణంగా పోతుంది, నాకూ పోయింది. కానీ ముందే చెప్పకపోతే హడలిపోతాం. చంకకర్రలు కొన్ని వారాలు తప్పవు.

పరుగు సంగతికొస్తే, సర్జరీ తర్వాత అన్నీ సవ్యంగా ఉంటే మూడు నాలుగు నెలలకు మెల్లగా మొదలుపెట్టిస్తారు, పూర్తి ఆటలకు ఆరు నెలలు పట్టొచ్చు. సర్జరీ లేకుండా అయితే చదునైన నేల మీద, తక్కువ దూరంతో మొదలుపెట్టి, మర్నాడు పొద్దున గజ్జ ఎలా ఉందో చూసుకోండి. నొప్పి ముందటి రోజు కన్నా పెరిగితే దూరం తగ్గించండి, పెరగకపోతే కొనసాగించండి.