టేబుల్ టాప్ (గ్రానైట్ మీద కూర్చునే) బేసిన్ ట్యాప్ కింద చేతులు పట్టట్లేదా?

తిరుపతిలో మీ ఇంట్లో 140 మి.మీ. ఎత్తు బేసిన్‌కి గ్రానైట్‌లో ట్యాప్ హోల్ కొట్టేశాం, ఏ ట్యాప్ సరిపోతుందని అడిగారు. ఇప్పుడున్నది మొత్తం ఎత్తు చూసి కొన్నట్టున్నారు. 300 మి.మీ. టాల్ బాడీ (పొడవాటి ట్యాప్) అయినా నీళ్లొచ్చే మూతి గ్రానైట్ నుంచి 170 దగ్గరుంటే, మీ 140 మి.మీ. బేసిన్ అంచు పైన మిగిలేది 30 మాత్రమే.

1. గ్రానైట్ నుంచి మూతి వరకు కొలిచి బేసిన్ ఎత్తు తీసేయండి. 100–150 మి.మీ. మిగలాలి. మరీ ఎక్కువైతే నీళ్లు చిమ్ముతాయి.

2. అందరూ వదిలేసేది ఇదే: హోల్ మధ్య నుంచి ధార పడే చోటికి అడ్డ దూరం. ధార వెనక అంచుకు తగలకుండా, నీళ్లు పోయే జాలీ దగ్గర్లో పడాలి. మీ హోల్ ఎలాగూ కొట్టేశారు, ఇక జరపలేరు. బేసిన్‌ని దాని చోట పెట్టి, ఆ దూరం టేపుతో కొలిచి, కాగితం మీద రాసుకుని షాపుకెళ్లండి. డబ్బా మీద బొమ్మ చూసి నమ్మొద్దు.

3. ట్యాంకు బాత్రూమ్‌కి 2–3 మీటర్ల పైనే అంటే ప్రెషర్ 0.2–0.3 బారే (బార్ అంటే ప్రెషర్ కొలత). తక్కువ ప్రెషర్‌కి పనిచేసేదే అడగండి.

తిరుపతిలో బోరు నీళ్లయితే, మూతి జల్లెడ విప్పి కడుక్కునేలా ఉండాలి.