హైదరాబాద్‌లో ల్యాబ్రడార్ కుక్కపిల్ల 9 వేలకూ దొరుకుతోంది, 35 వేలకూ దొరుకుతోంది. తేడా ఏమిటి?

రెండు రేట్లకూ కొన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా: నాకు 9 వేల పిల్లే ఖరీదు పడింది.

2021లో ఎల్బీనగర్ వైపు ఒకతను ఫోన్లో ఫొటోలు పంపాడు. ఆదివారం మా అమ్మాయితో వెళ్లాను. మెట్ల కింద ఇనుప జాలీలో ఆరు పిల్లలు. తల్లి ఏదంటే "ఫారంలో ఉందన్నా" అన్నాడు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) ఇచ్చే జాతి పేపర్లకు ఇంకో ఐదు వేలట. పిల్లతో పాటు రావాల్సిన కాగితానికి విడిగా రేటు ఏంటని అప్పుడే అడగాల్సింది. కానీ మా అమ్మాయి ఒకదాన్ని ఒళ్లో పెట్టేసుకుంది. ఇక బేరమేముంటుంది?

మర్నాడు డాక్టర్‌గారు దాని నోరు తెరిచి చూసి, "రెండు నెలలని ఎవరు చెప్పారండీ? పాలపళ్లే పూర్తిగా రాలేదు. నెలా పది రోజులుంటే ఎక్కువ" అన్నారు. తర్వాత వ్యాక్సిన్ కార్డు తిప్పారు. నిజంగా సూది వేస్తే సీసా మీది స్టిక్కర్ ఒలిచి కార్డులో అంటిస్తారు, బ్యాచ్ నంబరు దానిమీదే ఉంటుంది. మా కార్డులో ఆ చోట పెన్నుతో ఒక టిక్కు, పక్కన కోడి గీకినట్టు సంతకం. అసలు 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎవరికి పట్టింది?

నాలుగో రోజు గిన్నె ముట్టలేదు. సాయంత్రం వాంతులు, రాత్రికి రక్త విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు. పొద్దున తీసుకెళ్లడం, ముందు కాలికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించడం, రాత్రికి తెచ్చుకోవడం. మా అమ్మాయి స్కూలు డ్రెస్సులోనే ఆ బల్ల పక్కన నిలబడేది. ఐదు రోజులకు 17 వేలయ్యింది. ఆరో రోజు ఆటోలోనే పోయింది, నారాయణగూడ ఫ్లైఓవర్ మీద.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "స్నానం చేయించుంటారన్నా" అన్నాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ వైరస్ నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది, ఫినాయిల్‌కు చావదు. బ్లీచింగ్‌తో కడిగి, దుప్పట్లు, బుట్ట, గిన్నె అన్నీ పారేసి ఏడాది ఆగాం.

రెండోది సైనిక్‌పురిలో ఒక ఆంటీ ఇంట్లో, 35 వేలు. తల్లి కుక్క గేటు దగ్గరికే వచ్చి నా ప్యాంటు వాసన చూసింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఎండల్లో ఎక్కడ పడుకోబెడతారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు... పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు. ల్యాబ్రడార్లకు తుంటి కీలు జబ్బు వంశంలో వస్తుందని తల్లిదీ తండ్రిదీ ఎక్స్‌రేలు చూపించింది. 8 వారాలు నిండకుండా, ఒక వారం ముందే పిల్లను ఇవ్వమంటే ససేమిరా అంది. మీరు కూడా తల్లిని చూపించని చోట అడ్వాన్స్ ఇవ్వకండి, పేపర్లు బంగారు పూతవైనా సరే.

అన్నట్టు, మంచు దేశాల కుక్క హస్కీని మాత్రం కొనకండి. మా ఎదురు ఫ్లాట్‌లో ఒకటుంది. మే నెలంతా బాత్రూం బండల మీదే పడుకుంటుంది పాపం.

మాది ఇప్పుడు 31 కిలోలు. తిండికీ మందులకూ కలిపి నెలకు 6 వేలు. దీనికి మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ల లిఫ్ట్ చార్జీ ఇంకో 200 కలుపుకోండి. మేముండేది గ్రౌండ్ ఫ్లోర్‌లో.