లోడ్ పడితేనే దగ్గుతోందంటే ముందు స్పార్క్ చూడండి

మీ టర్బో పెట్రోల్ కారు ఐడిల్‌లో (ఆగి ఉండి ఇంజన్ నడుస్తున్నప్పుడు) బాగానే ఉంది, మూడో గేర్‌లో గట్టిగా తొక్కితేనే గుక్కపట్టినట్టు కుదుపుతోంది, ఫ్యూయల్ పంప్ మార్చినా పోలేదు అన్నారు కదండీ. పంప్ దాకా వెళ్లకుండా ఉండాల్సింది. నా అనుమానం పెట్రోల్‌ని అంటించే స్పార్క్ మీదే.

టర్బో గాలి కుక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. స్పార్క్ ప్లగ్ కొన దగ్గరి గ్యాప్ అరిగి పెరిగినా, ఆ వోల్టేజ్ ఇచ్చే కాయిల్ నీరసించినా సరిగ్గా అక్కడే స్పార్క్ మిస్ అవుతుంది. ప్లగ్‌లు విప్పి ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే రేకులు) గ్యాప్ కొలవండి. చాలా టర్బో ఇంజన్లకు 0.7 మి.మీ. అటూఇటూ ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్.

కారు లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0302, అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోందన్న కోడ్, వస్తే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి మార్చి నడపండి. కోడ్ పీ0303కి మారిందా, దొంగ దొరికినట్టే. పైసా ఖర్చు లేదు.

కోడ్ కదలకపోతే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టాలు తడిమి చూడండి. క్లాంప్ దగ్గర తాజాగా నూనె జిడ్డు, తొక్కినప్పుడు బుస్సుమనే చప్పుడు ఉంటే బూస్ట్ లీకే, అంటే టర్బో కుక్కిన గాలి బయటికి పోతోంది.

చెక్ ఇంజన్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే మాత్రం గట్టిగా తొక్కకండి, వీలైనంత త్వరగా ఆపేయండి. కాలని పెట్రోల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తినేస్తుంది.