బొంతలు కుట్టే వర్క్‌షాప్‌కి ఆరు వేలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసింది. సెలవుల్లో విజయవాడలో పది రోజుల క్విల్టింగ్ వర్క్‌షాప్‌కి వెళ్తానంటోంది. ఫీజు ఆరు వేలు. ముందుముందు డిజైన్ కోర్సులో చేరుతుందట. బొంతలు కుట్టుకోవడానికి ఎంపీసీ ఎందుకని మా అమ్మ గొడవ. ఆ సర్టిఫికెట్ ఎక్కడైనా పనికొస్తుందా?

జవాబు: సర్టిఫికెట్ సంగతి ముందే తేల్చేద్దాం. పనికిరాదు. బీ.డిజైన్ అనే డిగ్రీ సీటుకి నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) గానీ ఎన్‌ఐడీలో (జాతీయ డిజైన్ సంస్థ) గానీ దానివల్ల ఒక్క మార్కూ కలవదు. రెండుచోట్లా నాలుగేళ్ల కోర్సు, ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ప్రవేశ పరీక్ష మాత్రం తప్పదు. మన రాష్ట్రంలోనే ఒక ఎన్‌ఐడీ ఉంది, టెక్స్‌టైల్, అపారెల్ డిజైన్ అక్కడ ఒక విభాగం.

అయితే ఆ పరీక్షల్లో రెండో దశ ఉంటుంది. నిఫ్ట్‌వాళ్లు సిట్యుయేషన్ టెస్ట్ అని పెడతారు. సామాను ఇచ్చి, ఫలానా సందర్భానికి ఒక నమూనా చేసి చూపమంటారు. ఎన్‌ఐడీలో ఇలాంటిదే స్టూడియో టెస్ట్. ఏడాదంతా బిట్లు బట్టీపట్టిన పిల్లలు అక్కడ కత్తెర పట్టుకుని దిక్కులు చూస్తారు. మీ ఆరు వేలకి ఏమైనా ఫలితం ఉంటే అది ఇక్కడే.

క్విల్టింగ్ అంటే పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున ఇంకో గుడ్డ, మూడూ కలిపి కుట్టడం. చెప్పడానికి ఇంతే. ముక్కలు కలిపేటప్పుడు ఒక్కో అతుకు దగ్గర రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికి పోయిందనుకోండి, 12 అతుకులు అయ్యేసరికి 24 మిల్లీమీటర్లు, దగ్గరదగ్గర అంగుళం. పక్క వరుసతో మూలలు కలవవు. ముక్కని ఏటవాలుగా కత్తిరిస్తే సాగుతుంది, పడుగు, అంటే గుడ్డలోని నిలువు దారాల వెంట కత్తిరిస్తే సాగకుండా నిలుస్తుంది. కొత్త ఎర్ర గుడ్డని ముందే ఉతక్కుండా వాడితే, మొదటి ఉతుకులోనే పక్కనున్న తెల్ల ముక్కలు గులాబీరంగు తేలే ప్రమాదం ఉంది. ఇవన్నీ ఒకసారి పాడుచేసుకుంటే గానీ ఒంటబట్టవు. కుట్టు మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టే ఓపిక మీ అమ్మాయికి ఉందా లేదా అన్నది పది రోజుల్లో తనకే తెలిసిపోతుంది. నాలుగేళ్ల కోర్సు ఫీజు కట్టాక తెలియడంకన్నా ఇదే చవక.

ఎంపీసీ పిల్ల కాబట్టి ఇంకో మాట. వీలైతే ఒకరోజు పెడన తీసుకెళ్లండి. విజయవాడ నుంచి మచిలీపట్నం రైలెక్కితే దారిలోనే వస్తుంది. అక్కడ కలంకారీ గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లలో చెక్క అచ్చు అద్ది గుడ్డ మీద వేస్తే, ఆ గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి చేసే పని అది. పటిక అద్దినచోట ఎరుపు పట్టుకుంటుంది. కెమిస్ట్రీ పుస్తకంలో ఇంత బాగా అర్థమయ్యే పేజీ నేనైతే చూడలేదు.

సంపాదన గురించి మీరు అడగలేదు గానీ, అడగాల్సిందే. చేత్తో బొంతలు కుట్టి అమ్ముతూ బతకడం కష్టం. డబుల్‌కాట్ బొంతకి వారాలు పడతాయి, అన్ని గంటలకీ కూలి కట్టి ధర చెబితే కొనేవాడు వెనకడుగు వేస్తాడు. అందుకే తను కుట్టే మొదటి ముక్కకి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోమనండి. ఈ లెక్క వర్క్‌షాపుల్లో చాలామంది చెప్పరు.

ఫీజు కట్టేముందు ఆ గది మీరే ఒకసారి చూసి రండి. ఒక్కో మెషిన్‌కి ఎంతమంది? నేర్పేవాళ్లు కుట్టిన పాత పని ఏదైనా చూపిస్తారా? ముక్కలు కత్తిరించే పని పిల్లలదా, రెడీమేడ్ కిట్ చేతికిస్తారా? కిట్ అయితే వద్దు, కత్తిరించడంలో నేర్చుకునేదంతా పోతుంది.

అమ్మగారి మాటకి విసుక్కోకండి. పాత నూలు చీరలు మడతలుగా పరిచి, మధ్య నుంచి అంచులకి ముడతలు లేకుండా టాకాలు వేయడం ఆవిడకి తెలిసే ఉంటుంది. వర్క్‌షాప్ మొదలయ్యేలోపు ఒక చీర, సూది ఇచ్చి మనవరాలిని ఆవిడ పక్కన కూర్చోబెట్టండి. నాలుగు రోజులైనా అమ్మాయి లేవకపోతే ఫీజు కట్టేయండి.