నటన చదువుతానంటున్న అమ్మాయి, తల్లిని భయపెట్టిన ఒక కేసు

ప్రశ్న: మేము సిడ్నీలో స్థిరపడ్డాం. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఇంజినీరింగ్ వద్దు, ఇక్కడి జాతీయ నాటక శిక్షణ సంస్థ నిడాలో నటన నేర్చుకుంటానంటోంది. ఆస్ట్రేలియా నటుడు జెఫ్రీ రష్ పరువునష్టం కేసు గురించి చదివినప్పటి నుంచి నాకు ధైర్యం చాలడం లేదు. ఆ రంగానికి పంపవచ్చా?

జవాబు: అమ్మా, మీ భయం కొట్టిపారేయదగినది కాదు. అయితే ఆ కేసు వచ్చేనాటికి రష్ ఈ వృత్తిలో నలభై ఐదేళ్లకు పైగా గడిపారు. మీ అమ్మాయి ఇంకా గడప దగ్గరే ఉంది కనుక ముందు ఆ తొలి సంవత్సరాల సంగతి చెబుతాను.

1951లో క్వీన్స్‌లాండ్‌లోని టువూంబాలో పుట్టిన రష్, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ డిగ్రీ చేశారు. 1971లో బ్రిస్బేన్‌లో నాటక వృత్తిలోకి వచ్చి, కొన్నేళ్ల తరువాత పారిస్ వెళ్లి ఫ్రెంచ్ నటనా గురువు జాక్ లెకాక్ దగ్గర మూకాభినయం, దేహాన్ని మలచుకునే విద్య నేర్చుకున్నారు. 'షైన్' చిత్రానికి ఆస్కార్ అందుకున్న 1997లో ఆయన వయసు 45. అంటే దాదాపు పాతికేళ్లు ప్రధానంగా రంగస్థలమే ఆయనకు అన్నం పెట్టింది. మీరు అమ్మాయితో కూర్చుని మాట్లాడవలసింది ఈ పాతికేళ్ల గురించే. అంత ఓపిక ఉందా, ఆ మధ్యకాలంలో ఇంటి అద్దె ఎలా కడుతుంది అని నిదానంగా అడగండి.

ఇక కేసు విషయం. సిడ్నీ థియేటర్ కంపెనీ ప్రదర్శించిన 'కింగ్ లియర్' నాటకంలో రష్ అనుచితంగా ప్రవర్తించారంటూ 2017 నవంబరు 30న సిడ్నీ పత్రిక 'డైలీ టెలిగ్రాఫ్' మొదటి పేజీలో కథనం వేసింది. రాజు పేరులో ఒక్క ఇంగ్లీషు అక్షరం మార్చి, వెకిలి చూపుల రాజు అనే అర్థం వచ్చేలా శీర్షిక పెట్టింది. రష్ పరువునష్టం దావా వేశారు. ఆరోపణలు నిజమని పత్రిక రుజువు చేయలేకపోయిందని 2019 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి మైకేల్ విగ్నీ తీర్పు చెప్పారు. కోల్పోయిన సంపాదనతో కలిపి పరిహారం దాదాపు 29 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు చేరింది. 2020 జులైలో పత్రిక అప్పీలు కూడా వీగిపోయింది.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది అదే నాటకంలో నటించిన, రష్ ప్రవర్తనపై ఫిర్యాదు చేసిన యువనటి పరిస్థితి. ఆమె తన బాధను నాటక సంస్థలోనే చెప్పుకున్నారు తప్ప పత్రికలో వేయమని అడగలేదు. అయినా చివరకు బోనెక్కి సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని నమ్మదగినదిగా తీసుకోలేదు. తీర్పు తరువాత కూడా ఆమె తన మాట మీదే నిలబడ్డారు. ఎవరి పక్షాన మాట్లాడేవారైనా ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది: రిహార్సల్ గదిలో తేలవలసిన విషయం అక్కడ తేలకపోతే ఇద్దరూ నష్టపోతారు.

అందువల్ల నా సలహా, పంపండి. కానీ అన్నీ కనుక్కుని పంపండి. నిడాలో నటన డిగ్రీ మూడేళ్లు, ప్రవేశం ఆడిషన్ ద్వారా. పెర్త్‌లోని ప్రదర్శన కళల అకాడమీ వాపాకు కూడా దరఖాస్తు చేయించండి. ఎక్కడా రాకపోతే, రష్ చేసినట్లే మామూలు డిగ్రీ చదువుతూ విశ్వవిద్యాలయ నాటక బృందంలో చేరవచ్చు. ఏ సంస్థకు వెళ్లినా రెండు ప్రశ్నలు మీ అమ్మాయి చేతే అడిగించండి: ఒకరినొకరు తాకవలసిన సన్నివేశాల్లో ప్రతి కదలికనూ ముందే ఒప్పుకుని సాధన చేయిస్తారా? ఇబ్బంది ఎదురైతే ఎవరికి, ఏ రూపంలో చెప్పాలి? జవాబు చెప్పేవారు పేరు, గది నంబరుతో సహా చెప్పగలిగారో లేదో మీరు పక్కన కూర్చుని గమనించండి.