అమాల్ఫీ తీరానికి కారు అవసరమా?

ప్రశ్న: ఇటలీలోని అమాల్ఫీ తీరాన్ని కారు లేకుండా చూడగలమా? ఎప్పుడు వెళ్లడం మంచిది?

జవాబు: నిశ్చింతగా చూడవచ్చు, నిజానికి కారు లేకపోవడమే మేలు. కొండ అంచును తొలిచి వేసిన ఆ ఇరుకు దారిలో, మలుపు దగ్గర ఎదురుగా బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి జరగక తప్పదు. సలెర్నో వరకు రైలులో వెళ్లి, అక్కడి నుంచి పడవలో అమాల్ఫీకి, పొసిటానోకి సాగితే, 1997లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ తీరం, మెట్లు మెట్లుగా పెంచిన నిమ్మతోటలతో సహా, కళ్లెదుటే కదులుతుంది. అమాల్ఫీ కెథెడ్రల్ కంచు తలుపుల దగ్గర తప్పక ఆగండి. 11వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో పోతపోసి తెప్పించినవి అవి. కొండపైనున్న రవెల్లో ఊరికి మాత్రం బస్సు ఎక్కాలి. బీచ్‌లలో గులకరాళ్లే ఎక్కువ. మే, సెప్టెంబరు నెలల్లో ఎండ ఉంటుంది, ఆగస్టులో ఉన్నంత రద్దీ ఉండదు.