మామగారి చెవుల సంగతి

అమ్మలూ,

"ఆయనకి కావలసినవి మాత్రం భేషుగ్గా వినిపిస్తాయి పెద్దమ్మా, నేను పిలిస్తేనే వినపడదు" అన్నావు మొన్న ఫోన్‌లో. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట అంటారు, నిన్ను తప్పుపట్టను. కానీ ఆయన నాటకం ఆడట్లేదమ్మా. వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనీ ఒకేలా తగ్గించదు, ముందు సన్నటి శబ్దాలు పోతాయి. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు అందులోకే వస్తాయి. మీ ఆయనది బొంగురు గొంతు కాబట్టి అందుతుంది, నీది అందదు. పైగా స, త, క లాంటి హల్లులు జారిపోయి అచ్చులు మిగులుతాయి, అంటే నువ్వేదో అంటున్నావని తెలుస్తుంది గానీ ఏమన్నావో తెలియదు. "కూర వెయ్యనా" అంటే "ఊరు వెళ్లనా" అని అందుకుని, "ఇప్పుడెందుకమ్మా, పండక్కి వెళ్దువుగాని" అంటారు. పిల్లలు పకపకా నవ్వుతారు.

గొంతు పెంచడం ముందు మానెయ్. ఈ చెవుడుతో వచ్చిన చిక్కేమిటంటే, చిన్న శబ్దం అసలు అందదు, కాస్త పెంచితే ఒక్కసారిగా గయ్యిమని తగులుతుంది. అందుకే "ఏంటీ, ఏంటీ" అన్న మనిషే మరుక్షణం "ఎందుకలా అరుస్తావ్" అని విసుక్కుంటారు. వంటింట్లోంచి కేకలెయ్యకుండా ఎదురుగా వెళ్లి, "మామయ్యగారూ" అని పిలిచి, ఆయన నీ వైపు చూశాక మాట్లాడు. వెలుతురు నీ మొహం మీద పడాలి, పెదాలు చూసి చాలావరకు పోల్చుకుంటారు (ఆ సంగతి ఆయనకే తెలియకపోవచ్చు). మిక్సీ, టీవీ ఆపి మాట్లాడు. రెండోసారీ అర్థం కాకపోతే అదే మాట మూడోసారి అనకు, మాట మార్చు. "కూర" అందకపోతే "వంకాయ" అను.

ఇంకో పని చెయ్యి. మెడికల్ షాపులో ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఎవరికీ చెప్పకుండా రెండు చెవుల్లో పెట్టుకుని కూర్చో. అందరూ నవ్వినప్పుడు ఎందుకని అడుగు. ఎవరో ఒకరు "ఏం లేదులే" అంటారు. మీ ఇంట్లో ఆయనకి దొరికే జవాబు చాలాసార్లు అదే. కొన్నాళ్లకి అడగడం మానేసి గదిలో టీవీ పెట్టుకుని కూర్చుంటారు, మనం చాదస్తం అంటాం, ఇంట్లో ఎవరితోనూ కలవరంటాం. చెప్పేది చిన్న జోకే అయినా సరే, ఆయనకి ఇంకోసారి చెప్పమను పిల్లల్ని.

ఇదంతా నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి మీ ఆయన్నే తీసుకెళ్లమను, కొడుకు చెబితే వింటారు. ఒక్కోసారి గులిమి అడ్డుపడినా వినపడదు, అది తీస్తే సరిపోతుంది. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి, ఆలస్యమైతే మందులకి లొంగకపోవచ్చు.

చెవి మిషను రాస్తే, కళ్లజోడులా పెట్టుకున్న రోజే కుదిరిపోతుందనుకోకండి. మొదట్లో కంచాల చప్పుడు, ఫ్యాను హోరు అన్నీ మీద పడ్డట్టుంటాయి. అలవాటు పడడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రోజుకి గంటా రెండు గంటలతో మొదలుపెట్టమను, ఇబ్బందిగా ఉంటే మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి. తీసి సొరుగులో పడేస్తే "అంత డబ్బు పోసి కొన్నాం" అని మాత్రం అనకండి, ఆ మాటతో మిషను ఇక బయటికి రాదు.

మీ పనమ్మాయి అత్తగారికీ ఇదే బాధ అన్నావుగా. 2017లో నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్రం పథకం ఉంది, 60 దాటిన పేదవాళ్లకి చెవి మిషను ఉచితంగా ఇస్తారు. కనుక్కోమని చెప్పు.

మామగారికి పరీక్ష చేశాక గ్రాఫు గీసిన కాగితం ఇస్తారు. దాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, మీ పెదనాన్నది పక్కన పెట్టుకుని చూస్తాను.

మీ పెద్దమ్మ